మైక్రోవేవ్‌లు: వంటింటి ఓవెన్ నుంచి చంద్రయాన్ దాకా, బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులోని తెలుగు ఇళ్లలో మైక్రోవేవ్ ఓవెన్ గురించి రెండు రకాల ధోరణులు చూస్తుంటాను. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు "అందులో పెట్టింది తినొద్దమ్మా, రేడియేషన్ ఉంటుంది" అంటారు. పిల్లలేమో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాను అలాగే లోపల పెట్టి బటన్ నొక్కేస్తారు. భయపడక్కర్లేని చోట భయపడుతున్నాం, జాగ్రత్త పడాల్సిన చోట వదిలేస్తున్నాం. ఈ తరంగాలు ఎలా పనిచేస్తాయో కాస్త తెలిస్తే రెండూ సర్దుకుంటాయి. అందుకే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బీటీఎం లేఅవుట్ వైపు ఉండే మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మైక్రోవేవ్ అంటే అసలు ఏమిటి? ఓవెన్ పేరేనా?

ఓవెన్‌కు ఆ పేరు దాని లోపల పనిచేసే తరంగాల వల్ల వచ్చింది. మైక్రోవేవ్‌లు, అంటే సూక్ష్మతరంగాలు, విద్యుదయస్కాంత తరంగాల్లో ఒక రకం. కంటికి కనిపించే వెలుగు, రేడియో తరంగాలు, ఎక్స్‌రేలు అన్నీ ఇదే కుటుంబం. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా తరంగదైర్ఘ్యంలో, అంటే ఒక్కో తరంగం పొడవులో ఉంటుంది. సుమారు 1 మీటరు నుంచి 1 మిల్లీమీటరు దాకా తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని మైక్రోవేవ్‌లు అంటారు. ఫ్రీక్వెన్సీలో, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుంది అన్న లెక్కలో చెప్పాలంటే 300 మెగాహెర్ట్జ్ నుంచి 300 గిగాహెర్ట్జ్ దాకా. మన ఇళ్లలోని ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అక్కడ ఒక్కో తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు.

వీటి గురించి మూడు సంగతులు గుర్తుంటే చాలు. నీరు ఉన్న పదార్థం వీటిని పీల్చుకుని వేడెక్కుతుంది. లోహం వీటిని తిప్పికొడుతుంది. గాజు, పింగాణీ, కాగితం, కొన్ని రకాల ప్లాస్టిక్ గుండా ఇవి పెద్దగా అడ్డు లేకుండా వెళ్లిపోతాయి. కింద వచ్చే జవాబుల్లో చాలావరకు ఈ మూడింటిలోంచే పుడతాయి.

వీటిని ఎవరు కనుక్కున్నారు?

ఒక్కరి పేరు చెప్పలేం. ఇలాంటి తరంగాలు ఉంటాయని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1860లలో లెక్కలు కట్టి చూపించాడు. 1880ల చివర్లో జర్మనీలో హైన్రిచ్ హెర్ట్జ్ రేడియో తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి నిరూపించాడు. ఆ తర్వాతి పేరు మనం గర్వంగా చెప్పుకోవాల్సింది: జగదీశ్ చంద్ర బోస్. 1890లలో కలకత్తాలో కూర్చుని, చాలావరకు సొంతంగా తయారు చేయించుకున్న పరికరాలతో, మిల్లీమీటర్లలో కొలిచేంత చిన్న తరంగాల మీద పనిచేశారు. ఆ తరంగాలను గోడ అవతలికి పంపి గంట మోగించి చూపించారు. ఆయన వాడిన కొమ్ము ఆకారపు యాంటెన్నా, తరంగాలను నడిపించే గొట్టం ఇప్పటికీ మైక్రోవేవ్ ఇంజినీర్ల చేతిలోని పనిముట్లే.

ఓవెన్ కథ యుద్ధంతో మొదలైంది. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ మైక్రోవేవ్‌లను పుట్టించే మాగ్నెట్రాన్ అనే పరికరాన్ని శక్తిమంతంగా తయారు చేశారు. శత్రు విమానాలను పట్టే రాడార్ల కోసం అది. 1945లో అమెరికాలోని రేథియాన్ సంస్థ ఇంజినీర్ పెర్సీ స్పెన్సర్ ఆ మాగ్నెట్రాన్ దగ్గర నిలబడినప్పుడు జేబులోని మిఠాయి కరిగిపోవడం గమనించాడని చెబుతారు. అదే ఏడాది పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1947లో అమ్మకానికి వచ్చిన మొదటి ఓవెన్ మనిషి ఎత్తు ఉండేది, హోటళ్లకు తప్ప ఇళ్లకు పనికొచ్చేది కాదు. గట్టు మీద పట్టే ఓవెన్ జనాదరణ పొందింది 1967 తర్వాతే.

బెంగళూరులో ఉండేవాళ్లు ఇంకో పేరు కూడా తెలుసుకోవాలని నా కోరిక. రాజేశ్వరీ ఛటర్జీ. అమెరికాలో డాక్టరేట్ చేసి 1953లో తిరిగొచ్చి, భర్త శిశిర్ కుమార్ ఛటర్జీతో కలిసి ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మైక్రోవేవ్ పరిశోధనకు పునాది వేశారు. కర్ణాటక తొలి మహిళా ఇంజినీరుగా ఆమెను చెప్పుకుంటారు. యశ్వంతపుర దగ్గర ఆ క్యాంపస్ పక్కగా బస్సులో వెళ్లే మన అమ్మాయిల్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఎందరో ఉంటారు, వాళ్లకు ఈ పేరు తెలియాలి.

ఓవెన్‌లో అన్నం మంట లేకుండా ఎలా వేడెక్కుతుంది?

నీటి అణువుకు ఒక కొన కాస్త ధనావేశంతో, ఇంకో కొన కాస్త రుణావేశంతో ఉంటుంది. మైక్రోవేవ్ తగలగానే అది తరంగం దిశకు తిరగాలని చూస్తుంది. ఆ తరంగం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది కాబట్టి అణువులు ఇటూ అటూ తిరగబోయి పక్కవాటిని రాసుకుంటాయి. ఆ రాపిడే వేడి. నూనె, చక్కెర కూడా కొంత పీల్చుకుంటాయి, కానీ అసలు పని నీటిదే.

ఇక్కడ బాగా పాకిపోయిన ఒక పొరపాటు ఉంది. "మైక్రోవేవ్ లోపలి నుంచి బయటికి ఉడికిస్తుంది" అంటారు. అలా జరగదు. తరంగాలు పదార్థంలోకి రెండు మూడు సెంటీమీటర్ల దాకా చొచ్చుకెళ్లి అక్కడికి బలహీనపడిపోతాయి. నడిమధ్యకు వేడి మామూలుగానే పాకాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దపప్పు గడ్డ పైన పొగలు కక్కుతూ లోపల చల్లగా ఉండేది అందుకే. పలచగా పరిచి పెట్టండి, సగంలో తీసి కలపండి, ఆగిపోయాక ఒక నిమిషం అలాగే వదిలేయండి.

ఒక పక్క సలసలా కాగి, ఇంకో పక్క చల్లగా ఎందుకు ఉంటుంది?

పెట్టె గోడలకు తగిలి వెనక్కి వచ్చే తరంగాలు, కొత్తగా వచ్చే తరంగాలు కలిసి లోపల కొన్ని చోట్ల బలంగా, కొన్ని చోట్ల దాదాపు లేకుండా స్థిరపడతాయి. బలమైన చోట్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు. పళ్లెం గుండ్రంగా తిరిగేది తిండి అంతా ఆ చోట్ల గుండా వెళ్లాలనే.

ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే దీన్ని చూపించండి, చాలా బాగుంటుంది. తిరిగే చక్రం తీసేసి, చదునైన గాజు పళ్లెంలో పచ్చి అప్పడాలు పరిచి, కొద్ది సెకన్లు మాత్రమే నడపండి. కొన్ని చోట్ల పొంగుతాయి, కొన్ని చోట్ల పచ్చిగానే ఉంటాయి. పొంగిన మచ్చల మధ్య దూరం స్కేలుతో కొలిచి రెట్టింపు చేస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. దాన్ని ఓవెన్ వెనక రాసి ఉన్న ఫ్రీక్వెన్సీతో గుణిస్తే కాంతి వేగం, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు, వస్తుంది. వంటింట్లో అప్పడాలతో కాంతి వేగం కొలిచిన పిల్లలు ఆ పాఠం మరచిపోరు. ప్రయోగం పెద్దవాళ్లు పక్కనుండగానే చేయాలి.

అందులో పెట్టిన తిండిలోకి రేడియేషన్ వస్తుందా? క్యాన్సర్ వస్తుందంటారు, నిజమేనా?

రాదు. రేడియేషన్ అనే మాట వినగానే మనకు ఎక్స్‌రే, అణు విద్యుత్ కేంద్రం గుర్తొస్తాయి. ఎక్స్‌రేలకు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి ఉంది, అందుకే అవి జన్యువులను దెబ్బతీయగలవు. మైక్రోవేవ్‌కు ఆ శక్తిలో లక్షో వంతు కూడా ఉండదు. మనకు కనిపించే దీపం వెలుగుకున్నంత కూడా లేదు. అది అణువులను కదిలించి వేడి చేస్తుంది, అంతే. ఓవెన్ ఆగిన మరుక్షణం తరంగాలు కూడా ఉండవు, తిండిలో మిగలడానికి ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే మాట స్పష్టంగా చెబుతోంది.

అత్తయ్యగారికో నాన్నగారికో చెప్పేటప్పుడు వాదనకు దిగకండి. "ఇది వేడి చేసే వెలుగులాంటిదండీ, స్విచ్చు ఆపితే పోతుంది" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

కూరల్లో సత్తువ పోదా?

ఏ వంటలోనైనా కొంత పోతుంది. ఎక్కువ సేపు ఉడకడం, ఎక్కువ నీళ్లు పోసి వార్చేయడం విటమిన్ సీ లాంటివాటికి అసలు శత్రువులు. ఓవెన్‌లో సమయం తక్కువ, నీళ్లూ తక్కువ. బీన్స్, క్యారెట్ లాంటివి రెండు చెంచాల నీళ్లతో మూతపెట్టి మగ్గిస్తే, పొయ్యి మీద నిండా నీళ్లలో ఉడికించిన వాటికంటే మేలే.

తలుపు అద్దంలోంచి లోపల కనిపిస్తుంది కదా, మరి తరంగాలు బయటికి రావా?

అద్దం వెనక సన్నటి రంధ్రాలున్న లోహపు రేకు ఉంటుంది, దగ్గరగా చూడండి. ఆ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. తరంగమేమో 12 సెంటీమీటర్లు. జల్లెడలో పిండి దిగి పెసలు పైన ఆగినట్టే, చాలా పొట్టిదైన వెలుగు ఆ రంధ్రాల్లోంచి వచ్చేస్తుంది, మైక్రోవేవ్ లోపలే ఆగిపోతుంది. తలుపు తీయగానే కరెంటు ఆగిపోయేలా లోపల ఒకటికి మించి స్విచ్చులు ఉంటాయి. లీకేజీకి అమెరికా ప్రమాణం ప్రకారం 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదు, దూరం జరిగేకొద్దీ అది ఇంకా వేగంగా తగ్గిపోతుంది.

తలుపు వంగినా, బిగుతు పోయినా, అంచుల దగ్గర కాలి నల్లబడినా వాడకం ఆపేయండి. ఓవెన్ లోపల ఫోను పెట్టి రింగ్ చేసి చూస్తే లీకేజీ తెలుస్తుందని వీడియోలు తిరుగుతుంటాయి. ఫోను పనిచేసే ఫ్రీక్వెన్సీలు వేరు, అది మోగినంత మాత్రాన ఓవెన్ పాడైనట్టు కాదు. పొరపాటున ఎవరైనా స్టార్ట్ నొక్కితే మాత్రం ఫోను పోతుంది, మంట కూడా రావచ్చు.

స్టీలు గిన్నె పెట్టకూడదా? మన ఇంట్లో ఉన్నవన్నీ అవే!

తెలుగు ఇంటి అసలు ఇబ్బంది ఇదే. స్టీలు గిన్నె తరంగాలను తిప్పికొడుతుంది కాబట్టి లోపలి పప్పుకు పైనుంచి మాత్రమే కాస్త అందుతుంది, సరిగా వేడెక్కదు. దానికి మించి, లోహపు అంచులు, మొనలు ఉన్నచోట విద్యుత్ పోగై మెరుపులు వస్తాయి. ఫోర్కు, అల్యూమినియం ఫాయిల్, స్వీట్ల మీది వెండి రేకు, బంగారు గీత ఉన్న పింగాణీ కప్పు, తీగ ఉన్న ప్యాకెట్ కట్టు, ఇవన్నీ మెరుస్తాయి. గిన్నె గోడకు తగులుతూ ఉంటే గోడ మీద పూత కాలిపోతుంది. కాన్వెక్షన్ మోడ్‌లో మాత్రం వేడిగాలి పనిచేస్తుంది కాబట్టి అప్పుడు లోహపు ట్రే పెట్టవచ్చు. మోడ్ మార్చేటప్పుడు గిన్నె మార్చడం మరచిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు.

నా సలహా: ఓవెన్ కొన్న రోజే మూతలున్న బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే) గాజు గిన్నెలు మూడు నాలుగు కొనేయండి. అన్నం, కూర ఫ్రిజ్‌లో పెట్టేదే వాటిలో పెడితే స్టీలులోంచి మార్చే పని ఉండదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజును మరీ వేడి మీదకు నేరుగా పెట్టకుండా కాసేపు బయట ఉంచండి.

హోటల్ పార్శిల్ డబ్బాలో అలాగే వేడి చేయొచ్చా?

చేయకండి. అడుగున "మైక్రోవేవ్ సేఫ్" అని రాసి ఉన్నా, త్రికోణంలో 5 అంకె ఉన్నా (అది పాలీప్రొపిలీన్) కాస్త నయం. అయినా నూనె తేలే కూరల్లో వేడి 100 డిగ్రీలు దాటిపోతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సాంబారు కట్టి ఇచ్చే పలచటి కవర్లు, థర్మోకోల్ గిన్నెలు, మెలమైన్ ప్లేట్లు అసలు పెట్టొద్దు. గిన్నెలోకి వంచుకోవడానికి పది సెకన్లు చాలు.

మన వంటకు ఇది నిజంగా పనికొస్తుందా, లేక వేడి చేయడానికేనా?

వేడి చేయడానికి దీన్ని మించింది లేదు, ముందు అది చెప్పాలి. అన్నం మీద చెంచాడు నీళ్లు చిలకరించి మూత వదులుగా పెట్టి వేడి చేస్తే అప్పుడే వార్చినట్టు ఉంటుంది. ఇడ్లీలకు చేతివేళ్లతో తడి అద్ది అర నిమిషం పెడితే మెత్తబడతాయి. ఉప్మా, పొంగల్, పులిహోర అన్నీ బాగా కుదురుతాయి. దోసె, చపాతీ మాత్రం తోలులా సాగుతాయి, వాటికి పెనమే. గారెలు కరకరలాడాలంటే కాన్వెక్షన్ కావాలి.

చిన్న చిన్న పనులకు ఇది బంగారం. అప్పడం నూనె లేకుండా నిమిషంలోపు పొంగుతుంది. చింతపండు నీళ్లలో వేసి నిమిషం పెడితే నానబెట్టినంత మెత్తగా గుజ్జు వస్తుంది. నిమ్మకాయను కొద్ది సెకన్లు పెట్టి పిండితే రసం ఎక్కువ దిగుతుంది. వెల్లుల్లి రెబ్బల పొట్టు ఊడొస్తుంది. బొంబాయి రవ్వను పలచగా పరిచి కలుపుతూ ఒకటి రెండు నిమిషాలు వేడి చేసి చల్లారాక డబ్బాలో పోస్తే పురుగు పట్టదు. శనక్కాయ గింజలు నిమిషానికోసారి తీసి కలుపుతూ వేయించుకోవచ్చు. ఆపిన తర్వాత కూడా లోపలి వేడికి అవి వేగుతూనే ఉంటాయి, రంగు వచ్చేదాకా ఆగితే మాడిపోతాయి. కరివేపాకు ఎండబెట్టేటప్పుడు దగ్గరే ఉండండి. ఎండిన ఆకు అంటుకోగలదు.

ఎండుమిర్చి వేయించొద్దు. ఆ ఘాటు పెట్టెలో నిండి తలుపు తీయగానే కళ్లలోకి, గొంతులోకి కొడుతుంది. పోపు కూడా ఇందులో పెట్టుకోవద్దు. నూనెలో నీరు ఉండదు కాబట్టి అది సరిగా కాగదు, ఆవాలు చిటపటలాడవు. కందిపప్పు ఉడకడానికి కుక్కరే మేలు, ఇందులో సమయం ఏమీ కలిసిరాదు. పీజీలో ఉండే ఒక్క మనిషికి ఒక కప్పు బియ్యం వండుకోవడానికి మాత్రం చక్కగా సరిపోతుంది. గిన్నె మాత్రం పెద్దది తీసుకోండి, గంజి పొంగుతుంది.

ఇంకో ఉపయోగం బెంగళూరుకు ప్రత్యేకం. డిసెంబరు, జనవరిలో ఇక్కడి చలికి ఇడ్లీ పిండి పులవదని అందరూ బాధపడతారు. ఆపేసిన ఓవెన్‌లో పిండి గిన్నె, పక్కన గ్లాసుడు మరిగిన నీళ్లు పెట్టి తలుపు మూసేయండి. ఆ మూసిన పెట్టెలో వెచ్చదనం నిలిచి తెల్లారేసరికి పిండి పొంగుతుంది. ప్లగ్గు తీసేసి, తలుపు మీద చీటీ అంటించండి. పొద్దున్నే కాఫీ వేడి చేద్దామని వచ్చినవాళ్లు స్టీలు గిన్నెతో సహా ఆన్ చేసే ప్రమాదం ఉంది.

రాత్రి మిగిలిన అన్నం పొద్దున్న వేడి చేసి తింటే మంచిదేనా?

ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే మంచిదే. రాత్రంతా గట్టు మీద వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషపదార్థం తయారు చేయగలదు. అది మళ్లీ వేడి చేసినా పోదు. ఇక్కడ చల్లగా ఉంటుంది కదా అని ధీమా పడొద్దు.

పసిపిల్లల పాలసీసా వేడి చేయొచ్చా?

వద్దు. సీసా చేతికి గోరువెచ్చగానే తగులుతుంది, లోపల ఒకచోట పాలు కాలేంత వేడిగా ఉంటాయి. బిడ్డ నోరు కాలుతుంది. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి వెచ్చబెట్టండి.

గుడ్డు, కాచిన నీళ్లు పేలతాయంటారు?

పెంకుతో ఉన్న గుడ్డు లోపల ఆవిరి పోవడానికి దారి లేదు, పేలుతుంది. ఉడికించిన గుడ్డును మళ్లీ వేడి చేసినా అంతే, ఒక్కోసారి బయటికి తీసి కొరికినప్పుడు పేలుతుంది. బంగాళాదుంప, వంకాయకు ఫోర్కుతో గాట్లు పెట్టండి. మూత బిగించిన ఏ డబ్బా అయినా ఇదే కథ.

నీళ్ల సంగతి వేరు. నున్నటి గాజు గ్లాసులో నీళ్లు బుడగలు రాకుండానే మరిగే వేడిని దాటిపోగలవు. కదిపినా, కాఫీ పొడి వేసినా ఒక్కసారిగా పైకి ఎగజిమ్ముతాయి. గ్లాసులో ఒక చెక్క చెంచా ఉంచి పెట్టండి, ఎక్కువ సేపు పెట్టకండి, తీసేముందు అర నిమిషం ఆగండి.

సోలో, గ్రిల్, కాన్వెక్షన్: ఏది కొనాలి?

వేడి చేయడానికే అయితే మైక్రోవేవ్ మాత్రమే ఉండే సోలో 20 లీటర్లది చాలు. కేకులు, బిస్కెట్లు, పనీర్ టిక్కా చేసే అలవాటు నిజంగా ఉంటే కాన్వెక్షన్ తీసుకోండి. మైక్రోవేవ్‌కు తోడు గ్రిల్ మాత్రమే ఉన్నది నా దృష్టిలో అటూ ఇటూ కాని బేరం. ఏడాదికోసారి ఇల్లు మారే అద్దెవాళ్లు బరువు కూడా ఆలోచించుకోవాలి.

ఓవెన్ పెట్టగానే ఇంట్లో కరెంటు ట్రిప్ అవుతోంది. ఎందుకు?

ఓవెన్ మీద 800 వాట్లు అని రాసి ఉంటే అది తిండికి అందే శక్తి. గోడ నుంచి లాగేది 1200 వాట్ల పైన. కాన్వెక్షన్ అయితే 2000 దాటవచ్చు. అందుకని 16 ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టొద్దు. గీజరు, ఓవెన్ ఒకే లైను మీద ఉన్నాయేమో చూడండి. కరెంటు పోయినప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో జనరేటర్ బ్యాకప్‌కు ఇంటికి ఇంత అని పరిమితి పెడతారు. ఓవెన్ ఆన్ చేయగానే ఆ పరిమితి దాటి ఇల్లంతా చీకటి అవుతుంది. బ్యాకప్ మీద ఉన్నప్పుడు ఓవెన్ జోలికి పోకుండా ఉండటమే దారి.

ఓవెన్ నడుస్తుంటే ఆఫీసు కాల్ కట్ అవుతోంది. ఓవెన్ లీకవుతోందా?

ప్రమాదకరమైన లీకేజీ అని టెన్షన్ పడక్కర్లేదు. వైఫై, బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మాట్లాడుకుంటాయి. రూటర్ పంపే శక్తి వాట్‌లో పదో వంతు స్థాయిలో ఉంటుంది, ఓవెన్‌ది వందల వాట్లు. నిబంధనలకు లోబడి బయటికి వచ్చే అతి కొద్ది భాగం కూడా దాని గొంతును ముంచేయగలదు. ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి, సమస్య తీరిపోతుంది. రూటర్‌ను వంటింటి గోడకు దూరంగా జరిపినా కొంత నయం.

వంటింటి బయట మైక్రోవేవ్‌లను ఎక్కడ వాడుతున్నాం?

పొద్దున్న లేచింది మొదలు వాడుతూనే ఉంటాం. ఫోనులో 4జీ, 5జీ మాటలన్నీ మైక్రోవేవ్‌ల మీదే నడుస్తాయి. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ఎరుపు గీత చూపించే మ్యాపుకు దారి చెప్పేది 20,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం, 1.575 గిగాహెర్ట్జ్. దారి చూపే ఇస్రో సొంత నావిక్ ఉపగ్రహాలు కూడా ఈ శ్రేణిలోనే పనిచేస్తాయి. పండక్కి అనంతపురం, కర్నూలు వైపు కారులో వెళ్లేటప్పుడు టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్‌ను చదివేది 865 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగం. ఆ చీటీలో బ్యాటరీ ఉండదు, గేటు మీది యాంటెన్నా పంపిన తరంగంలోంచే శక్తి తీసుకుని తన నంబరు చెబుతుంది.

మన జిల్లా కేంద్రాల్లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి పక్కన ఎరుపు తెలుపు రంగుల ఎత్తైన టవర్లు గుర్తున్నాయా? ఫైబర్ కేబుళ్లు రాకముందు ఎస్‌టీడీ కాల్స్ ఊరి నుంచి ఊరికి ఆ టవర్ల మీది డిష్‌ల ద్వారా మైక్రోవేవ్‌ల మీదే వెళ్లేవి. తరంగాలు సూటిగా వెళ్తాయి, భూమి వంపు అడ్డొస్తుంది, అందుకే నలభై యాభై కిలోమీటర్లకొక టవరు కావాల్సి వచ్చేది.

తుపాను వస్తుందంటే మచిలీపట్నం, విశాఖపట్నం, చెన్నై డాప్లర్ రాడార్ చిత్రాలు టీవీలో చూపిస్తారు. అవి సుమారు 10 సెంటీమీటర్ల తరంగాలను పంపి, వాన చినుకులకు తగిలి తిరిగొచ్చేవాటిని కొలుస్తాయి. చినుకు దగ్గరికి వస్తోందా, దూరం పోతోందా అన్నది కూడా ఫ్రీక్వెన్సీ మార్పును బట్టి తెలిసిపోతుంది. కోస్తాలో అమ్మానాన్నలున్న మనకు ఆ రంగుల బొమ్మ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. మేఘాలు కమ్మినా, అర్ధరాత్రైనా నేలను చూడగల రాడార్ ఉపగ్రహాలూ ఉన్నాయి. ఇస్రో, నాసా కలిసి తయారు చేసిన నిసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది అందుకే. వరద ఎంతమేర పాకిందో మబ్బుల చాటు నుంచి చూడాలంటే మామూలు కెమెరా పనికిరాదు.

ఆసుపత్రుల్లో కొన్ని కణుతులను సూదిలాంటి మైక్రోవేవ్ యాంటెన్నాతో కాల్చేస్తారు. రేడియేషన్ చికిత్స చేసే లీనియర్ యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్లను పరుగెత్తించేది కూడా మైక్రోవేవే.

చంద్రయాన్‌కూ మైక్రోవేవ్‌లకూ సంబంధం ఏమిటి?

చంద్రయాన్‌తో మాట్లాడిందే వీటితో. బెంగళూరు నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బ్యాలాళు అనే ఊరి దగ్గర ఇస్రోకు 32 మీటర్ల వెడల్పున్న డిష్ యాంటెన్నా ఉంది. చంద్రయాన్-1 కోసం 2008లో సిద్ధమైంది. చంద్రుడి దగ్గరి నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పట్టుకోవాలంటే అంత పెద్ద డిష్ కావాలి. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతున్నప్పుడు పీణ్యలో ఇస్రో వ్యోమనౌకలను గమనించి నడిపే ఇస్ట్రాక్ కేంద్రంలో తెర మీద కదిలిన ప్రతి అంకె 3.8 లక్షల కిలోమీటర్లు మైక్రోవేవ్ మీద ప్రయాణించి వచ్చిందే. ఒక్కవైపు ప్రయాణానికి పట్టే సమయం సెకను పైచిలుకు. జాలహళ్లిలో 1954 నుంచి ఉన్న భారత్ ఎలక్ట్రానిక్స్, సీవీ రామన్ నగర్‌లోని రక్షణ శాఖ రాడార్ పరిశోధన కేంద్రం కూడా ఈ తరంగాల మీద బతికే సంస్థలే. దేశంలో మైక్రోవేవ్ పని ఇంత దట్టంగా జరిగే ఊరు ఇంకొకటి చెప్పడం కష్టం.

గట్టి వాన పడితే డీటీహెచ్ ఎందుకు ఆగిపోతుంది?

ఆ సంకేతం 11, 12 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో వస్తుంది, తరంగం రెండున్నర సెంటీమీటర్లు. దారిలో దట్టంగా ఉన్న చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. వాన తగ్గగానే వచ్చేస్తుంది, మెకానిక్‌ను పిలవక్కర్లేదు.

మా అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ పెడతామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఈ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్కముక్కలో చెప్పి తప్పుకోవడం నాకిష్టం లేదు. తెలిసినవి ఇవీ. టవర్ యాంటెన్నా తరంగాలను పక్కలకు, దూరానికి పంపుతుంది, సరిగ్గా కింద ఉన్న అంతస్తుకు చాలా తక్కువ చేరుతుంది. దూరం పెరిగేకొద్దీ బలం వేగంగా పడిపోతుంది. భారతదేశం 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే అనుమతిస్తోంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను "క్యాన్సర్ కారకం కావడానికి అవకాశం ఉండవచ్చు" అనే 2బీ వర్గంలో చేర్చింది. అంటే ఆధారాలు పరిమితమే, కానీ పరిశీలన ఆపకూడదని. దూర సంచార శాఖ వారి తరంగ్ సంచార్ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతపు టవర్ల వివరాలు చూడవచ్చు, కొలిచి చూపమని అడగవచ్చు.

సంఘం సమావేశంలో నేనైతే ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను: ఆ బరువును డాబా మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీర్ కాగితం ఇచ్చారా? జనరేటర్ శబ్దం సంగతేమిటి? ఇవి ఎవరూ అడగరు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఓవెన్ దగ్గరికి వెళ్లొచ్చా?

ఇప్పటి పేస్‌మేకర్లకు రక్షణ కవచం ఉంటుంది, మంచి స్థితిలో ఉన్న ఓవెన్‌తో ఇబ్బంది లేదు. ఫోనును మాత్రం ఆ వైపు చొక్కా జేబులో పెట్టుకోకుండా కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమంటారు. మీ డాక్టరు ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే అదే పాటించండి.

ఇండక్షన్ స్టవ్, మెట్రో కార్డు, టీవీ రిమోట్ కూడా మైక్రోవేవ్‌లేనా?

కావు. ఇండక్షన్‌లో కిలోహెర్ట్జ్‌లలో మారే అయస్కాంత క్షేత్రం పనిచేస్తుంది. మెట్రో కార్డుది 13.56 మెగాహెర్ట్జ్. రిమోట్‌ది పరారుణ కాంతి.

ఓవెన్ ఖాళీగా నడిస్తే ఏమవుతుంది? రిపేరు ఇంట్లో చేసుకోవచ్చా?

పీల్చుకోవడానికి తిండి లేకపోతే తరంగాలు తిరిగి మాగ్నెట్రాన్‌కే తగులుతాయి, అది వేడెక్కి పాడవుతుంది. చిన్నపిల్లలు బటన్లు నొక్కే ఇంట్లో లోపల ఎప్పుడూ ఒక గ్లాసు నీళ్లు ఉంచేవాళ్లున్నారు, మంచి అలవాటు. లోపల చిందిన కూర మరకలు ఎండి నల్లబడితే అక్కడే మెరుపులు మొదలవుతాయి. నిమ్మచెక్కలు వేసిన నీళ్లు మరిగించి, ఆ ఆవిరి పట్టాక తడిగుడ్డతో తుడవండి.

బయటి కవరు మాత్రం ఎవరూ విప్పొద్దు. ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లకు ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను. మాగ్నెట్రాన్‌కు వేల వోల్టులు కావాలి, వాటి కోసం లోపల ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా అందులో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండవచ్చు. లోపలి బల్బు మార్చడమైనా సరే, కవరు విప్పాల్సి వస్తే తయారీ సంస్థ అధీకృత మెకానిక్‌నే పిలవండి. పాతది పారేయాల్సి వస్తే ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పాత సామాన్ల బండికి వేస్తే దాన్ని సుత్తితో పగలగొట్టే మనిషికి ఆ కెపాసిటర్ సంగతి తెలియదు.